చలికాలంలో ఇల్లు మారుతున్నాం, లాడాల్లేని గుర్రంతో ఎలా?

ప్రశ్న: మాకు పన్నెండేళ్ల ఆడగుర్రం ఉంది. ఏడాదిన్నర కిందట లాడాలు తీయించేశాను. అప్పటి నుంచి ఒట్టి గిట్టలతోనే వారానికి మూడుసార్లు సవారీకి వెళ్తున్నాం. ఒక్కోసారి ఆరేడు కిలోమీటర్లు, అన్నీ మెత్తటి మట్టి బాటలే. ఐదు వారాల్లో, సరిగ్గా చలికాలం నడుమ, ఇల్లు మారుతున్నాం. కొత్త చోటు బాట వెంట వెళ్తే 45 కిలోమీటర్లు. అక్కడ ఆవరణంతా కంకర, చుట్టుపక్కల దారులన్నీ రాళ్ళు. గుర్రాన్ని తీసుకెళ్ళే ట్రైలర్ మాట్లాడకుండా, మారే రోజున గుర్రం మీదే కొత్తింటికి చేరాలని నా ఆశ. లాడాలు కొట్టే ఆయనేమో ‘చలికాలం బాటలకు ఒట్టి గిట్టలు పనికిరావు, లాడాలు వేయించండి’ అంటున్నారు. ఈ సామాన్ల గందరగోళంలో నాకు కాస్త ఊపిరాడేది జీను మీద కూర్చున్నప్పుడే. సవారీ మానలేను. ఏం చేయమంటారు?

సమాధానం: అసలు మాట ముందే చెప్పేస్తాను. ఆ 45 కిలోమీటర్ల ప్రయాణం ఇప్పుడు వద్దు, ట్రైలర్ మాట్లాడండి. సవారీ మానక్కర్లేదు. లాడాలు కూడా అక్కర్లేదనే నా నమ్మకం. ఇలా ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను.

లెక్క చూడండి. గుర్రం నడక గంటకు ఆరు కిలోమీటర్లు, చురుకైనదైతే ఏడు. అంటే ఎక్కడా ఆగకపోయినా ఏడు గంటలు. నీళ్ళకు ఆగడం, దిగి పక్కన నడవడం, గిట్టలు చూసుకోవడం, జారుడు చోట్ల నెమ్మదించడం కలిపితే తొమ్మిదీ పదీ అవుతుంది. చలికాలపు పగలు అంతసేపు ఉండదు. ఇద్దరూ అలిసిపోయిన వేళకి, నేల మళ్ళీ గడ్డకట్టడం మొదలయ్యే వేళకి, మీరు చీకట్లో కొత్త రాళ్ళ దారిలో ఉంటారు. ఆరేడు కిలోమీటర్లకు అలవాటుపడ్డ గిట్ట ఆ ఒక్కరోజే ఆరింతలకు పైగా నడవాలి. దాని మీద కూర్చున్న మీరు అప్పటికి నాలుగు రోజులుగా పెట్టెలు మోసి, సరిగ్గా నిద్రపోకుండా ఉంటారు.

ఇది నేను అనుభవించి చెప్తున్న సంగతి. చాలా ఏళ్ల కిందట మేం ఇల్లు మారిన వారంలో, పాత బాటలకు వీడ్కోలు చెబుదామని పన్నెండు కిలోమీటర్లు వెళ్ళాను. ముందు రోజుల్లో బురదలో పడ్డ బండి చక్రాల గాడులు ఆ రాత్రి గడ్డకట్టి రాయిలా అయిపోయాయి. గుర్రం కాస్త జాగ్రత్తగా అడుగులు వేసింది కానీ కుంటలేదు, ఇంటికొచ్చాక మామూలుగానే మేత తింది. కొత్త చోటికి చేరాక, పదకొండో రోజు పొద్దున చూస్తే ముందు కాలు నేల మీద ఆనించడం లేదు. గిట్ట లోపల కమిలిన చోట చీము పట్టింది. గిట్ట అడుగున దెబ్బ తగిలిన రోజున ఏమీ కనిపించకపోవడం మామూలే. కొన్ని రోజులకో రెండు మూడు వారాలకో చీముగా బయటపడుతుంది, లేదా తర్వాతెప్పుడో గిట్ట చెక్కేటప్పుడు ఎర్రటి మచ్చగా కనిపిస్తుంది. కొత్త ఊళ్ళో, వైద్యుడి ఫోను నంబరు కూడా తెలియని రోజుల్లో అది జరిగితే ఎంత అల్లాడిపోతామో నాకు తెలుసు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఇది: మీ గుర్రం ఒక్కరోజులో ఇల్లు మారుతుంది, దాని గిట్ట మాత్రం ఒక్కరోజులో మారదు. గిట్ట గోడ నెలకు సుమారు ఆరు నుంచి పది మిల్లీమీటర్లు పెరుగుతుంది, చలికాలంలో ఇంకా నెమ్మది. ముందు కొన దగ్గర, వెంట్రుకల సరిహద్దు నుంచి నేల దాకా పూర్తిగా కొత్తది రావాలంటే తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. ఈ ఐదు వారాల్లో ఒక సెంటీమీటరు దిగితే గొప్ప. అంటే మీరు కంకర మీదికి తీసుకెళ్ళబోయేది మెత్తటి మట్టి మీద తయారైన గిట్టని. కొత్త నేలకు తగిన గిట్ట ఆ కొత్త నేల మీదే పెరగాలి. అందుకు మీరు దానికి సమయం ఇవ్వాలి.

ఇక లాడాల సంగతి. ఆయన చెప్పింది పూర్తిగా తీసిపారేసే మాటేం కాదు. గిట్ట అడుగు పలచగా ఉన్న గుర్రం, ఇదివరకు గిట్టల వాపు, అంటే లామినైటిస్, వచ్చి తగ్గిన గుర్రం, మట్టి మీద కూడా ముళ్ళ మీద నడిచినట్టు నడిచే గుర్రం ఉంటే లాడాలు వేయించడంలో తప్పేం లేదు. గుర్రానికి నొప్పి లేకపోవడమే ముఖ్యం, మన సిద్ధాంతం దాని తర్వాతే. సందేహముంటే పశువైద్యుడు ఎక్స్‌రే తీసి గిట్ట అడుగు ఎంత మందమో చెప్పగలరు. పదిహేను మిల్లీమీటర్లు ఉంటే నిశ్చింత, పదికి తక్కువైతే పలచనిదనే అనుకోవాలి. కానీ ఏడాదిన్నరగా వారానికి మూడుసార్లు హాయిగా నడుస్తున్న గుర్రానికి, చలికాలం వచ్చిందన్న ఒక్క కారణంతో లాడాలు వేయించమని నేననను. మంచు విషయంలో ఒట్టి గిట్టదే పైచేయి. ఇనుప లాడం కింద మంచు కరిగి, మళ్ళీ గడ్డకట్టి, ముద్దలా పేరుకుంటుంది. గుర్రం గడ్డల మీద నిలబడ్డట్టవుతుంది, చీలమండ మెలిపడే ప్రమాదం ఉంటుంది. దాన్ని ఆపడానికి లాడం కింద వేరే రబ్బరు ప్యాడ్లు వేయాలి. ఒట్టి గిట్ట అడుగు కొద్దిగా గిన్నెలా లోతుగా ఉండి, అడుగు వేసినప్పుడల్లా సాగి ముడుచుకుంటుంది కాబట్టి చాలావరకు మంచుని తనే రాల్చేసుకుంటుంది. సున్నా డిగ్రీల దగ్గర తడి మంచు పడ్డ రోజు మాత్రం దానిక్కూడా అంటుకుంటుంది. అందుకే గిట్టలు శుభ్రం చేసే కొక్కెం జేబులోనే పెట్టుకోండి.

మంచు మీద పట్టు ఉంటుంది గానీ, గట్టి ఐసు మీద ఏ గిట్టకీ పట్టు లేదు. ఒట్టి గిట్టైనా, మామూలు లాడమైనా, గిట్టకు తొడిగే రబ్బరు బూటైనా జారుతుంది.

చలికాలంలో బాటని చూసే కన్ను వేరుగా ఉండాలి. పొడిపొడిగా ఉన్న మంచు నాలుగైదు అంగుళాలు పరుచుకుని ఉంటే అంతకన్నా మంచి నేల లేదు, మీ గుర్రం అక్కడ పరుపు మీద నడిచినట్టు నడుస్తుంది. కానీ ఆ మంచు కింద ఏముందో మీకు ముందే తెలిసి ఉండాలి, అందుకే మంచు రోజున కొత్త బాట పట్టకండి. గడ్డకట్టిన బురద అన్నిటికన్నా మోసకారి. చూడటానికి మట్టి, తొక్కితే రాయి. అంతకు ముందు పడ్డ గిట్టల గుంటలు, చక్రాల గాడులు అంచులు తేలి ఉంటాయి. అందులోనూ అంతకు ముందు వారమంతా తడిలో నాని మెత్తబడ్డ గిట్ట అడుగు మీద ఆ అంచులు పడితే దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. ఇక మధ్యాహ్నం ఎండకు పైపొర కరిగి, కింద ఇంకా గట్టిగానే ఉన్న నేల. ఎండొచ్చింది కదా అని మనకు ధైర్యం వచ్చేది సరిగ్గా అప్పుడే. ఆ వేలెడు జిగట బురద కింద ఐసు పలక ఉన్నట్టే లెక్క. వాలుల్లో వెనక కాళ్ళు ఒక్కసారిగా జారిపోతాయి.

నేను ఒక పని చేస్తాను. జీను వేయకముందు బాట మొదట్లో వంద అడుగులు నేనే నడుస్తాను. బూటు మడమతో గట్టిగా తొక్కితే నేల కొద్దిగా లోపలికి దిగితే ఎక్కుతాను. మడమ ఎదురు తన్నితే ఆ రోజు పగ్గం పట్టుకుని పక్కన నడవడమే. తడి ఆకులు పడ్డ రాతి పలకలు, చెక్క వంతెనలు, నీడలో ఉండే మలుపులు ఎక్కడెక్కడున్నాయో మీ పాత బాటల్లో మీకు తెలుసు. అక్కడ దిగిపోండి.

ఈ ఐదు వారాలూ సవారీ ఇలా సాగనివ్వండి: అరగంట, నలభై నిమిషాలు, ఎక్కువ భాగం నడకే. చెమట పట్టేలా పరిగెత్తించకండి. చలికాలపు దట్టమైన వెంట్రుకలు ఒకసారి చెమటకు తడిస్తే తొందరగా ఆరవు, తడిసిన వెంట్రుకలు వెచ్చదనాన్ని పట్టి ఉంచలేవు. చివరి పది పదిహేను నిమిషాలు వదులు పగ్గాలతో నడిపిస్తే చాలు. కళ్ళెం ఇనుము నోట్లో పెట్టే ముందు మీ అరచేతుల్లో పట్టుకుని వెచ్చబెట్టండి. జీను మీద మాత్రమే ఊపిరాడుతుందని రాశారు. ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే అది నిజం. కానీ అలాంటి రోజుల్లోనే, ఇంకొంచెం దూరం, ఇంకొంచెం దూరం అని వెళ్ళిపోతాం. వెనక్కి తిరిగే చోటు ఇంట్లోనే నిర్ణయించుకుని బయల్దేరండి.

మీ దగ్గర హూఫ్ బూట్లు, అంటే గిట్టలకు తొడిగే ఆ బూట్లు, లేకపోతే ఇప్పుడే కొనండి. లాడాలకు పెట్టే ఖర్చు వీటికి పెట్టండి. గుర్రం బరువులో దాదాపు అరవై శాతం ముందు కాళ్ళ మీదే పడుతుంది కాబట్టి ముందు జత చాలాసార్లు సరిపోతుంది. కొలతలు గిట్టలు చెక్కించిన రెండు మూడు రోజుల్లో తీయాలి. వారాలు గడిచి పెరిగిన గిట్టకు కొలిస్తే, తర్వాత చెక్కించగానే బూటు వదులై తిరిగిపోతుంది. మొదట్లో పావుగంట నడిపించి, విప్పి, మడమ దగ్గరా గిట్ట పైనా వెంట్రుకలు రేగాయేమో, చర్మం ఎర్రబడిందేమో చూడండి. చిన్న మేకుల్లాంటి స్టడ్లు బిగించుకునే వీలున్న బూట్లు దొరుకుతాయి, ఐసు తగిలే దారులుంటే అవి తీసుకోండి. ఇంటికి రాగానే బూట్లు విప్పేయాలి. రాత్రంతా ఉంచితే లోపల తడి పట్టి గిట్ట మెత్తబడుతుంది.

చెక్కించడం ప్రయాణానికి వారం పది రోజుల ముందు ఉండాలి. ముందు రోజు చెక్కించి కంకర మీద దింపకండి. గోడ అంచులు సరిచేసి గుండ్రంగా చేస్తే చాలునని, అడుగునీ, మధ్యలో బాణం మొనలా ఉండే ఫ్రాగ్‌నీ కత్తితో పలచన చేయవద్దని గట్టిగా చెప్పండి. కొత్త చోటికి ఆ రెండూ ఉన్నంత మందంతో వెళ్ళాలి. నాలుగు గిట్టలకీ పక్క నుంచి, ముందు నుంచి, అడుగు నుంచి ఫొటోలు తీసి పెట్టుకోండి. కొత్త ఊళ్ళో చెక్కే మనిషికి అవి మీ మాటలకన్నా ఎక్కువ చెప్తాయి. ఆ మనిషితో ఇప్పుడే మాట్లాడి, ఐదారు వారాల తర్వాతి తేదీ ఒకటి ఖాయం చేసుకోండి. చలికాలం గిట్ట నెమ్మదిగా పెరుగుతుంది కదా అని వాయిదా వేస్తారు చాలామంది. సవారీ తగ్గినప్పుడు అరుగుదల కూడా తగ్గుతుందని మరిచిపోతారు.

ఇప్పుడున్న చోట ఒక చిన్న ఏర్పాటు చేయగలిగితే చేయండి. నీళ్ళ తొట్టి దగ్గరో గేటు దగ్గరో, అది రోజూ నిలబడే చోట, గుండ్రటి చిన్న గులకరాళ్ళు పది సెంటీమీటర్ల మందాన పోయించండి. పదునైన కంకర వద్దు. ఐదు వారాల్లో గిట్ట మారిపోదు గానీ, మన అరచేతి చర్మం కాయ కాసినట్టు గిట్ట అడుగు కాస్త గట్టిపడటం మొదలవుతుంది. బురదలో నిలబడకుండా ఆ కాసేపైనా గిట్ట ఆరుతుంది కూడా. చలికాలం ఒట్టి గిట్టకు రాళ్ళంత శత్రువు నిత్యం తడి. ఫ్రాగ్ పక్క గాడుల్లో నల్లటి జిగురు, ముక్కు పట్టుకునే వాసన వస్తే అది కుళ్ళు. రోజూ శుభ్రం చేసి, ఆరనిచ్చి, వైద్యుడు చెప్పిన మందు వేయండి. కుళ్ళిన ఫ్రాగ్‌తో గుర్రం మడమ ఆనించడానికి జంకుతుంది. అలాంటి స్థితిలో రాళ్ళ చోటికి వెళ్తే కంకర తప్పా కుళ్ళు తప్పా తేల్చుకోలేక మీరు తికమకపడతారు.

మారే రోజు గురించి ఎక్కువ చెప్పను, గంట ప్రయాణమే కాబట్టి. సామాను లారీ, గుర్రం ఒకే రోజు వద్దు. మీరు ముందు వెళ్ళి, కంచె చుట్టూ నడిచి, పాత తీగలూ మేకులూ ఏరేసి, రెండు మూడు రోజుల తర్వాత దాన్ని తెచ్చుకోండి. ట్రైలర్ ఎక్కడం ఈ ఐదు వారాల్లో వారానికి రెండుసార్లు అలవాటు చేయించండి. ట్రైలర్లో మందపాటి దుప్పటి కప్పకండి, లోపల వేడెక్కి చెమట పడుతుంది. గిట్టల కొక్కెం, బూట్లు, థర్మామీటర్, కట్టుగుడ్డలు, టీకాల కాగితాలు, రెండు పగ్గాలు ఒక పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను ఇంటి సామానుతో కలపకుండా మీ వెంట ఉంచుకోండి. అవసరమైన రాత్రి అది ఇరవై పెట్టెల కింద ఉండకూడదు.

మేత, నీళ్ళ విషయం మాత్రం నిర్లక్ష్యం చేయకండి. 500 కిలోల గుర్రం రోజుకు ఎనిమిది నుంచి పది కిలోల ఎండుగడ్డి తింటుంది. పాత గడ్డి రెండు వారాలకు సరిపడా వెంట తీసుకెళ్ళి, కొత్త గడ్డిని కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి. చలిలో చల్లటి నీళ్ళు, అదీ కొత్త రుచి నీళ్ళు అయితే చాలా గుర్రాలు తాగడం తగ్గించేస్తాయి. పొడి గడ్డి తిని నీళ్ళు తాగకపోతే పేగుల్లో గడ్డకట్టి కడుపునొప్పి వస్తుంది. గోరువెచ్చటి నీళ్ళు పెట్టండి, ఎన్ని బకెట్లు తాగిందో లెక్కపెట్టండి, పేడ చూడండి. కొత్త చోట పచ్చిక ఉంటే, మెరిసే ఎండలో మంచు పట్టిన గడ్డి మీదికి వెంటనే వదలకండి. ఆ గడ్డిలో చక్కెరలు పేరుకుని ఉంటాయి. మెడ మీద కొవ్వు గట్టిపడ్డ గుర్రమైతే గిట్టల వాపుకు అదే దారి. రోజూ పొద్దున చీలమండ వెనక రెండు పక్కలా వేళ్ళు పెట్టి నాడి చూడటం ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది దొరకడమే కష్టం. వెతక్కుండానే వేళ్ళకు తన్నుతుంటే ఆ రోజు జీను వేయకుండా వైద్యుడికి ఫోన్ చేయండి.

కొత్త చోట మొదటి పది రోజులు ఎక్కకండి. పగ్గం పట్టుకుని రోజూ ఇరవై నిమిషాలు, రాళ్ళ దారిలో బూట్లతో, ఆవరణలో ఒట్టి గిట్టలతో నడిపించండి. ఆవరణలో ఒక మూల ఇసకో చెక్కపొట్టో పోసి, లేదా రబ్బరు పరుపులు వేసి, మెత్తటి చోటు ఉంచండి. ఎక్కడ నిలబడాలో అది ఎంచుకోగలగాలి. కంకర మీద నడవడం గిట్టకు మేలు చేస్తుంది, రాత్రంతా వేరే దిక్కులేక కంకర మీదే నిలబడటం చేయదు. పదకొండో రోజు నుంచి ఇరవై నిమిషాల సవారీ, బూట్లతో. తర్వాత వారానికి కొన్ని నిమిషాల చొప్పున బూట్లు లేకుండా. ఎంత పెంచాలో క్యాలెండరు చెప్పదు, గుర్రం చెప్తుంది. బాట మధ్యలో రాళ్ళు వదిలి పక్కనున్న గడ్డి అంచుకు లాగుతోందా? అడుగు కురచవుతోందా? మడమకు బదులు గిట్ట కొన ముందు ఆనుతోందా? ఈ మూడింట్లో ఏది కనిపించినా దిగి బూట్లు వేయండి. మొండికేస్తోందనుకుని మడమతో పొడవకండి.

ఇంతా చెప్పాక, ఆ 45 కిలోమీటర్ల ఆశని నేను చంపేశానని అనుకోకండి. దాన్ని తిరగేయండి. ఎండలు ముదరకముందు, పగళ్ళు పొడుగైనప్పుడు, కొత్తింటి నుంచి పాత ఊరికి రెండు రోజుల్లో, నడుమ ఒక రాత్రి మజిలీతో వెళ్ళండి. ముందు జత బూట్లతో, జీను సంచిలో ఇంకో జతతో. అప్పటికి దాని గిట్ట గోడ మీద, వెంట్రుకల సరిహద్దుకు రెండు మూడు సెంటీమీటర్ల కింద, గిట్ట చుట్టూ ఒక సన్నటి వలయం కనిపించవచ్చు. మేత మారినప్పుడు, చోటు మారినప్పుడు గిట్టలో అలాంటి గీతలు పడుతుంటాయి. దానికి పైనున్నదంతా కొత్త నేల మీద పెరిగిన గిట్ట. వచ్చే చలికాలానికి ఆ గీత దాదాపు నేలకు చేరుతుంది. అప్పుడు ఒకసారి బూట్లు ఇంట్లో వదిలేసి, ఆ రాళ్ళ బాట మీద అది ఎలా నడుస్తుందో చూసి నాకు రాయండి.